ఆగడం నేర్పే ఆటోనగర్

జాతీయ రహదారి మీద పొడవాటి ట్రైలర్, దాని వీపు మీద ఓ పొక్లెయిన్... ఎదురైతే మనం చూసేది పైనున్న యంత్రాన్నే. కింద చీకట్లో నలిగే కమాన్ కట్టల్నీ చక్రాల్లో దాగిన బేరింగుల్నీ బ్రేకుల్నీ ఎవరు చూస్తారు? చూసేవాళ్లున్నారు. వాటిని ఎంచి, బిగించి, పరీక్షించి పంపడమే బతుకుగా చేసుకున్న పేట ఒకటుంది. అదే బెజవాడ ఆటోనగర్. ఓ ట్రైలర్ వెంట అక్కడ తిరిగిన కబుర్లివి.

ఉదయం ఏడున్నర. బెంజి సర్కిల్లో ఆటో ఎక్కి ‘ఆటోనగర్ గేటు’ అన్నాను. ‘ఏం బండండీ? ఏం పోయింది?’ అని అడిగాడు ఆటో అబ్బాయి. ఏ బండీ లేకుండా, ఏదీ పోకుండా ఆటోనగర్ వెళ్లేవాళ్లు అతనికి ఎప్పుడోగానీ తగలరట!

బెంజి సర్కిల్... ఇప్పుడంటే పైన ఫ్లైఓవర్లు వచ్చాయిగానీ ఆ పేరు లారీలు పెట్టిందే. 1954లో టాటా వాళ్లు జర్మనీకి చెందిన డైమ్లర్-బెంజ్‌తో కలిసి లారీల తయారీ మొదలుపెట్టారు. 1969 దాకా ఆ పొత్తు నడిచింది. అప్పట్లో ఆ లారీలు అమ్మే షోరూం ఇక్కడ ఉండేదనీ అందుకే కూడలికి ఆ పేరు వచ్చిందనీ పాతకాలం వాళ్లు చెబుతారు. లారీ పేరుతో కూడలి వెలసిన ఊళ్లో లారీల కోసం ఓ పేటే పుట్టడంలో వింతేముంది!

పటమట దాటి గేటులోకి మళ్లగానే గాలి మారిపోతుంది. వెల్డింగు పొగ, గ్రీజు, డీజిలు, అప్పుడే వేసిన రంగు... అన్నీ కలిసిన ఓ వాసన. సమ్మెట దెబ్బలు ఓ పక్క, లేతు మిషన్ల రొద ఓ పక్క. క్యాబిన్ లేని లారీలు, చక్రాల్లేని లారీలు, అచ్చం అస్థిపంజరంలా ఛాసిస్ ఒక్కటే మిగిలిన లారీలు. ఒకప్పుడు ఊళ్లో రోడ్ల పక్కన చిన్న చిన్న షెడ్లలో బళ్లు బాగుచేసుకునే మేస్త్రీలంతా ఒక్కచోటికి చేరితే 1960ల్లో రూపుదిద్దుకున్న పేట ఇది. ఇప్పుడు దేశంలోని పెద్ద ఆటోనగర్లలో ఒకటి. బోల్టులు మాత్రమే అమ్మే కొట్టు, అద్దాలు మాత్రమే బిగించే కొట్టు, సీట్లకు రెక్సిన్ కుట్టే కొట్టు, వెనక డోరు మీద నెమళ్లూ తామరలూ వేసే చిత్రకారుడు... ఒక్కో పనికి ఒక్కో చెయ్యి.

నేను వెతుక్కుంటూ వెళ్లింది వంద అడుగుల రోడ్డుకు ఆనుకుని ఉన్న ఓ షెడ్డును. ట్రైలర్ల కింది పనికి పేరున్న మేస్త్రీ అక్కడ ఉంటాడని విన్నాను. అరవై దాటిన మనిషి. చొక్కా జేబులో పెన్ను బదులు టార్చిలైటు ఉంది.

కొండ దిగనన్న డ్రైవరు

షెడ్డు ముందు అప్పటికే ఓ ట్రైలర్ ఆగి ఉంది. కైకలూరు దగ్గరి పల్లె నుంచి గుడివాడ మీదుగా రాత్రికి రాత్రే వచ్చింది. తండ్రి, కొడుకు, డ్రైవరు... ముగ్గురు మనుషులు. వాళ్లకు రెండు పొక్లెయిన్లున్నాయి. కొల్లేరు చుట్టుపక్కల చేపల చెరువులు తవ్వడం, గట్లు వేయడం వాళ్ల పని. ఒక్కో యంత్రం ఇరవై టన్నులు. ఇనుప గొలుసుల మీద నడిచే ఆ బండిని రోడ్డెక్కిస్తే రోడ్డూ పాడు, గొలుసూ పాడు. అందుకే ఊరి నుంచి ఊరికి ట్రైలర్ మీదే మోసుకెళ్లాలి.

ఇన్నేళ్లూ ఏ ఇబ్బందీ లేదు. ఈసారి పాడేరు వైపు రోడ్డు పనికి పిలుపొచ్చింది. మంచి బేరం. అడ్వాన్సు కూడా చేతికందింది. అప్పుడు డ్రైవరు నోరు విప్పాడు.

‘‘ఓనరు గారూ, మీ ఉప్పు పద్దెనిమిదేళ్లుగా తింటున్నాను. ఎక్కడికి రమ్మన్నా వస్తాను. ఈ ట్రైలర్‌తో మాత్రం కొండ దిగను.’’

ఆయనకు కోపం వచ్చిందట. నాలుగు రోజులు మాట్లాడలేదట. ‘‘ఇంకో డ్రైవర్ని చూసుకుందామనే అనుకున్నానండీ. మా ఆవిడ అంది, ‘అతను రానన్న బండిలో మన వాడు వెళ్తాడేమో, ఒకసారి ఆలోచించండి’ అని. క్లీనరు లేనప్పుడు పక్కన కూర్చునేది మా అబ్బాయే కదా! ఆ మాటతో బెజవాడ బయల్దేరాను’’ అన్నాడాయన, కొడుకు కాస్త దూరంగా ఉన్నప్పుడు.

మేస్త్రీ టార్చి తీసుకుని ట్రైలర్ కిందకు దూరాడు. పావుగంట చడీచప్పుడు లేదు. తర్వాత కింద నుంచే ఓ కేక. ‘‘ఓనరు గారూ, ఒకసారి వంగండి. వెనక ఇరుసుకు బ్రేకు లేదు!’’

అందరం వంగి చూశాం. వెనక ఇరుసుకు వెళ్లే గాలి పైపు చివర ఓ బోల్టు. డమ్మీ కొట్టేశారు. డ్రైవరుకు గుర్తొచ్చింది. నాలుగేళ్ల కిందట వానలో బ్రేకు పట్టేసి చక్రం వదల్లేదు. రోడ్డు పక్క మెకానిక్ ఎవరో ‘ఇంటిదాకా వెళ్లిపోండి, తర్వాత చూసుకోవచ్చు’ అని ఆ బోల్టు బిగించాడు. ఆ తర్వాత ఎవరూ చూసుకోలేదు. అంటే నాలుగేళ్లుగా ఆ ట్రైలర్ సగం బ్రేకులతోనే తిరుగుతోంది! బల్లపరుపు కొల్లేరు కాబట్టి తెలియలేదు. కొండ అయితే మొదటి రోజే చెప్పి ఉండేది.

తండ్రి మొహంలో నెత్తురు చుక్క లేదు. జేబులోంచి చిన్న నోటు పుస్తకం తీశాడు. ఇంటి దగ్గరే రాసుకొచ్చిన లెక్క అది. డెక్కు మీద కొత్త రేకు, రంగు, వెనక డోరుకు బొమ్మలు, టైర్లు, చివర్లో ‘గ్రీజు వగైరా’. మేస్త్రీ ఆ కాగితం చూసి నవ్వి, తలకిందులుగా తిప్పి ఆయన చేతికే ఇచ్చాడు. ‘‘కింద నుంచి మొదలుపెడదాం. పైకొచ్చేసరికి డబ్బులు మిగిల్తే రంగు వేద్దురుగాని.’’

వంగని కమాను విరుగుతుంది

మొదటి పేచీ కమాన్ కట్టల దగ్గరే వచ్చింది. ఒక దాని కింద ఒకటిగా పేర్చిన ఉక్కు పట్టీల కట్ట ఇది. అన్నిటికన్నా పైది పొడవు, కిందికి వెళ్లేకొద్దీ పొట్టి. మధ్యలో అన్నిటినీ గుచ్చుతూ ఓ సెంటర్ బోల్టు. ఇరుసుకు అదిమి పట్టడానికి యూ బోల్టులు. ఎడ్లబండి తర్వాత మన తాతలు ఎక్కిన జట్కాలకూ ఇలాంటి కమాన్లే ఉండేవి.

‘‘కట్టకు రెండేసి పట్టీలు ఎక్కువ వెయ్యి మేస్త్రీ. కొండ రోడ్డు కదా, గట్టిగా ఉండాలి’’ అన్నాడు తండ్రి. మనలో చాలామంది అలాగే అనుకుంటాం. మేస్త్రీ ఒప్పుకోలేదు. ‘‘కమాను పని గట్టిగా ఉండటం కాదండీ, వంగడం. వంగకపోతే గుంతలో పడ్డ దెబ్బ నేరుగా ఛాసిస్‌కు తగుల్తుంది. ఛాసిస్ చిట్లుతుంది. పైన కట్టిన గొలుసులు వదులవుతాయి. మీ పొక్లెయిన్ ఎగిరెగిరి పడుతుంది.’’

పైగా ఎక్కువ పట్టీలు వేసినంత మాత్రాన ఎక్కువ బరువు ఎక్కించే హక్కు రాదు. ఇరుసుల మీద ఎంత బరువు పడొచ్చో చట్టమే చెబుతుంది. 2018లో కేంద్రం ఆ పరిమితులను సవరించింది. జంట ఇరుసులకు 19 టన్నులున్నదాన్ని 21 టన్నులు చేసింది. ఇరవై టన్నుల యంత్రం, పది టన్నుల ట్రైలర్ అనుకుంటే ఆ ముప్ఫైలో కొంత వాటా ముందు లాగే బండి వీపు మీద పడుతుంది. మిగిలింది వెనక జంట ఇరుసులు మోస్తాయి. ఆ లెక్క సరిగ్గా వేసి, దానికి తగిన కట్ట ఎంచుకోవాలి. ఎక్కువా వద్దు, తక్కువా వద్దు.

కొడుకు పాలిటెక్నిక్‌లో మెకానికల్ డిప్లొమా చేశాడు. అతని ఆలోచన వేరు. ‘‘ఎయిర్ సస్పెన్షన్ పెట్టిద్దాం బాబాయ్. కార్లు మోసే కొత్త ట్రైలర్లకు చూశాను’’ అన్నాడు. ఉక్కు పట్టీల బదులు గాలి నింపిన రబ్బరు బెల్లోలన్నమాట. బరువును బట్టి గాలి సర్దుకుంటుంది. కుదుపు తక్కువ. పెనుకొండ దగ్గర ఎర్రమంచిలో 2019 నుంచి కియా కార్లు తయారవుతున్నాయి కదా, అలాంటి కొత్త కార్లను గీత పడకుండా చేర్చాలంటే ఆ మెత్తదనం మంచిదే.

మేస్త్రీ కుర్రాడి మాట కొట్టిపారేయలేదు. ఓ ప్రశ్న వేశాడు. ‘‘బాగుంటుంది అబ్బాయ్. కానీ పాడేరు అవతల, రాత్రి పది గంటలకు, వానలో ఓ బెల్లో పగిలిందనుకో. ఎవర్ని పిలుస్తావ్?’’

కుర్రాడు తల గోక్కున్నాడు. పట్టీ ఒకటి విరిగినా మిగతావి కాస్తాయి. నెమ్మదిగా ఊరు చేరొచ్చు. అక్కడ దాన్ని మార్చగలిగే కమ్మరైనా దొరుకుతాడు. బెల్లో పగిలితే అలా కాదు, అదే సైజుది దొరికేదాకా ఎదురుచూడాలి. మోసేది కొత్త కారు కాదు, మట్టి తవ్వే యంత్రం. దానికి మెత్తదనం కన్నా మొండితనమే ముఖ్యం. అలా ఉక్కు కట్టలకే ఓటు పడింది. రెండు ఇరుసుల మధ్య తూకం పట్టే బ్యాలెన్స్ బీము మాత్రం కొత్తది వేయాలన్నాడు. తక్కెడలా ఊగే ముక్క అది. ముందు చక్రం గుంతలో దిగితే వెనక చక్రం మీదే బరువంతా పడకుండా రెండింటికీ పంచుతుంది. పాతదాని బుష్షులు అరిగి తక్కెడ ఓ పక్కకు ఒరిగిపోయింది.

అక్కడి నుంచి కమాన్లు చేసే షెడ్డుకు నడిచాం. కొలిమిలో ఎర్రగా కాలిన పట్టీని తీసి వంపు తిప్పి, నూనెలో ముంచుతున్నారు. బుస్సుమని పొగ! ఆ ఉక్కుకు ఎంత వంగినా తిరిగి లేచే గుణం వచ్చేది ఆ కాలడంలో, ముంచడంలోనే. పాత పట్టీలను చల్లగా ఉండగానే సమ్మెటతో కొట్టి వంపు తెచ్చేవాళ్లూ ఉన్నారు. ఖర్చు తక్కువేగానీ ఆ వంపు ఎన్నాళ్లో నిలవదు. కొత్తదీ పాతదీ కలిపి కట్టినా తంటానే. వాలిపోయిన పాత పట్టీలు తప్పుకుంటాయి, బరువంతా కొత్తదాని మీద పడి అదే ముందు విరుగుతుంది. ఉమ్మడి కుటుంబంలో కొత్తకోడలి కష్టం లాంటిదే!

డ్రైవరు అరచేయి

టీలు వచ్చాయి. చిన్న గ్లాసుల్లో, చిక్కగా. తాగుతూ డ్రైవరు ఓ మాట చెప్పాడు. ‘‘నేనెప్పుడు టీకి ఆగినా ముందు బండి చుట్టూ తిరిగి ప్రతి హబ్బు మీదా చెయ్యి పెడతానండీ. అన్నీ ఒకేలా గోరువెచ్చగా ఉంటే టీ తాగుతా. ఒకటి చుర్రుమంటే టీ మానేస్తా.’’

కిందటేడు ఒకటి చుర్రుమంది. సమయానికి చూశాడు కాబట్టి సరిపోయింది. బేరింగు అప్పటికే నీలం రంగుకు తిరిగింది. ఇంకో పది కిలోమీటర్లు నడిస్తే చక్రం ఊడి ఏ ఇంటి మీదికో, ఏ పిల్లల మీదికో దొర్లేది. రెండు టైర్లతో కలిపి జంట చక్రం తక్కువ బరువుండదు మరి.

లారీ చక్రాల్లో ఉండేవి టేపర్ రోలర్ బేరింగులు. లోపలి రోలర్లు నిటారు స్తంభాల్లా ఉండవు. ఓ కొన సన్నగా, ఏటవాలుగా ఉంటాయి. ఎందుకంటే చక్రం మీద రెండు రకాల ఒత్తిళ్లు పడతాయి. పై నుంచి బరువు ఒకటి, మలుపు తిరిగేటప్పుడు పక్క నుంచి తోపు ఒకటి. ఏటవాలు రోలరు రెండింటినీ కాస్తుంది. దీనికి 1898లో పేటెంట్ పొందిన హెన్రీ టిమ్‌కెన్ అమెరికాలోని సెయింట్ లూయిస్‌లో గుర్రబ్బళ్లు తయారుచేసే వ్యాపారి. అంతకుముందు 1877లో ఆయన గుర్రబ్బండి కమానుకూ పేటెంట్ తీసుకున్నాడు. కమాను, బేరింగు... ఈ రోజుకూ ఆటోనగర్లో పక్కపక్కనే ఉండే ఈ రెండు పనులూ ఒకే బళ్ల వ్యాపారి బుర్రలో మెదిలాయన్నమాట!

బేరింగుల కొట్టుకు వెళ్లాం. ఒకే సైజుకు మూడు ధరలు చెప్పారు. ‘అన్నీ ఒకటేనండీ, డబ్బా తేడా’ అన్నాడు కౌంటరు దగ్గరి కుర్రాడు. మేస్త్రీ ఏమీ అనకుండా తక్కువ ధరదాన్ని చేతిలోకి తీసుకుని అంచు మీద చెక్కిన అంకెల్ని వెలుగులో తిప్పి చూశాడు. అక్షరాలు మసగ్గా ఉన్నాయి. పేరున్న కంపెనీల డబ్బాల్లో నకిలీ సరుకు రావడం ఈ వ్యాపారంలో పాత జబ్బే. అక్కడి నుంచి బయటికొచ్చి అధీకృత డీలరు దగ్గర బిల్లుతో సహా కొన్నారు. ‘‘బిల్లు కాగితం కూడా బేరింగులో భాగమే’’ అన్నాడు మేస్త్రీ.

ఇంకో మాట కూడా చెప్పాడు. బేరింగుకు రోలర్లున్న లోపలి భాగం ఒకటి, అది తిరిగే బయటి గిన్నె ఒకటి ఉంటాయి. చాలామంది ఖర్చు కలిసొస్తుందని లోపలిది మాత్రం మార్చి, హబ్బులో బిగిసి ఉన్న పాత గిన్నెను వదిలేస్తారు. పాత అరుగుడు మీద కొత్త రోలరు నడిస్తే అదీ త్వరగా అరుగుతుంది. మారిస్తే రెండూ మార్చాలి, దాంతోపాటే ఆయిల్ సీలూ మార్చాలి.

బిగింపులో అయితే ఓ విద్యే ఉంది. షెడ్డుకు తిరిగొచ్చాక చూశాను. ముందు గ్రీజును అరచేతిలో వేసుకుని, బేరింగును దానికి అదిమి అదిమి రోలర్ల మధ్యకు ఎక్కించాడు. అప్పడాల పిండి అద్దుతున్నట్టే ఉంది. తర్వాత హబ్బును ఓ చేత్తో తిప్పుతూ, ఇంకో చేత్తో పానా పట్టి నట్టు బిగించాడు. చక్రం బరువెక్కేదాకా బిగించి, మళ్లీ కాస్త వెనక్కి వదిలాడు. ఆ వదలడమే కిటుకు. మరీ బిగిస్తే వేడెక్కి పట్టేస్తుంది. మరీ వదిలితే చక్రం ఊగి రోలర్లు నలుగుతాయి. ‘‘ఎంత వదలాలి?’’ అన్నాను. ‘‘కంపెనీ పుస్తకంలో కొలత ఉంటుంది. డయల్ గేజీ పెట్టి చూస్తాం. ఆ తర్వాత చెయ్యి కూడా ఒప్పుకోవాలి’’ అని నవ్వాడు.

నూటికి రెండు తక్కువ యూనిట్లు!

మధ్యాహ్నం క్యారేజీలు విప్పారు. కైకలూరు వాళ్ల క్యారేజీలో చేపల పులుసు ఉండటం ప్రత్యేకంగా చెప్పాలా! తింటూ ఉండగా కొడుకు సెల్‌ఫోన్లో ఏవో లెక్కలు వేశాడు. పాడేరు ప్రాంతం సముద్రమట్టానికి సుమారు 900 మీటర్ల ఎత్తున ఉంది. ముందు బండి, ట్రైలర్, పొక్లెయిన్ అన్నీ కలిపి 40 టన్నులనుకుందాం. అంత బరువు అంత ఎత్తు నుంచి మైదానానికి దిగితే ఆ శక్తంతా ఏదో ఒకచోట ఖర్చవ్వాలి. ఎంతో తెలుసా? దాదాపు 98 యూనిట్ల కరెంటుతో సమానం! ఓ చిన్న ఇంటికి నెలంతా సరిపోయే కరెంటు. ఆ వేడితో 1,200 లీటర్ల చన్నీళ్లను మరగబెట్టొచ్చు. ఇదంతా గంట లోపు ప్రయాణంలో పుడుతుంది. అందులో చాలా భాగాన్ని తక్కువ గేరులో ఇంజినుతో ఆపించకపోతే, మొత్తం చక్రాల్లోని బ్రేకు డ్రమ్ముల మీదే పడుతుంది.

అందరూ తినడం ఆపి ఆ అంకెనే చూస్తున్నారు. తండ్రి మెల్లగా అడిగాడు. ‘‘అంటే మన బండికి... ఆ వేడంతా...?’’

‘‘సగం చక్రాల మీదే పడేది’’ అన్నాడు డ్రైవరు. ఆ మాటలో ఎత్తిపొడుపు లేదు. ఉన్నదున్నట్టు చెప్పాడంతే.

వేడెక్కితే ఏమవుతుంది? ఇనుప డ్రమ్ము వ్యాకోచించి లైనర్లకు దూరం జరుగుతుంది. లైనరు పట్టు కూడా సడలుతుంది. డ్రైవరు పెడల్ తొక్కుతూనే ఉంటాడు, బండి మాత్రం ఆగదు. ఘాట్‌రోడ్ల మీద ‘బ్రేకులు ఫెయిలై’ అని మనం పేపర్లో చదివే వార్తల్లో ఇలాంటివీ ఉంటాయి. బ్రేకు విరిగిపోయి కాదు, అలసిపోయి! అందుకే పాత డ్రైవర్లు ‘ఏ గేరులో కొండ ఎక్కుతామో ఆ గేరులోనే దిగాలి’ అంటారు. వేగం కూడా తక్కువుండాలి. నలభైలో వెళ్లేదాన్ని ఎనభైలో తోలితే ఆపడానికి కావలసిన శక్తి రెట్టింపు కాదు, నాలుగు రెట్లు.

బ్రేకుల ఎంపికకే ఎక్కువ సమయం పట్టింది. డిస్కు బ్రేకులకు గాలి బాగా తగుల్తుంది, త్వరగా చల్లారతాయి. కానీ ఖర్చు ఎక్కువ, పైగా ఆ పాత ఇరుసులకు నప్పవు. కాబట్టి డ్రమ్ములే. కాకపోతే పాత డ్రమ్ములను లేతు మీద తోమించి వాడదామంటే మేస్త్రీ వద్దన్నాడు. ఇప్పటికే రెండుసార్లు తోమారు. డ్రమ్ము ఎంత దాకా అరగొచ్చో దాని మీదే ముద్రించి ఉంటుంది. ఆ గీత దాటితే పలచబడి ఇట్టే వేడెక్కుతుంది. నాలుగు చక్రాల చోట్లా కొత్త డ్రమ్ములు, ఒకే కంపెనీ లైనర్లు. ఎడమ ఒకటి, కుడి ఒకటి వేస్తే ఓ పక్క ముందు పట్టి బండిని లాగేస్తుంది.

లైనర్లు అరిగేకొద్దీ డ్రమ్ముకూ వాటికీ మధ్య సందు పెరుగుతుంది. దాన్ని తగ్గించే స్లాక్ అడ్జస్టర్లు పాతవాటిలో చేత్తో తిప్పాలి. తిప్పడం మర్చిపోతే అంతే సంగతులు. కొత్తగా తమంతట తామే సర్దుకునేవి వేశారు. ఏబీఎస్ ఎలాగూ ముఖ్యమే. ఖాళీ ట్రైలర్ మీద గట్టిగా బ్రేకు పడితే చక్రాలు బిగుసుకుని ఈడ్చుకుపోతాయి. అలా బిగుసుకోకుండా వదుల్తూ పడుతూ చూసే ఏర్పాటది. ఇన్నేళ్లుగా ఊడి వేలాడుతున్న దాని వైర్లను కుర్రాడే కూర్చుని కలిపాడు.

ఇక గాలి పైపులు. ముందు బండి నుంచి ట్రైలర్‌కు రెండు పైపులొస్తాయి. ఒకటి ఎప్పుడూ గాలి నింపి ఉంచేది, ఒకటి పెడల్ తొక్కినప్పుడు కబురు మోసుకొచ్చేది. ఇందులో అసలు తెలివి ఎక్కడుందంటే, గాలి పోతే బ్రేకు పోదు... బ్రేకు పడుతుంది! జార్జ్ వెస్టింగ్‌హౌస్ 1869లో రైళ్లకు గాలి బ్రేకు కనిపెట్టాడు. పైపు తెగితే బళ్లు ఆగకపోవడం అందులో లోపం. 1872లో దాన్ని తిరగేసి, గాలి పోగానే బ్రేకు పడేలా మార్చాడు. ఆ ఆలోచనే ఇప్పటికీ లారీలను కాపాడుతోంది. రోడ్డు పక్క మెకానిక్ కొట్టిన డమ్మీ బోల్టు సరిగ్గా ఆ కాపుదలనే నాలుగేళ్లు బంధించి ఉంచింది.

మారుతున్న పేట

మేస్త్రీ పద్నాలుగేళ్ల వయసులో ఈ పనిలోకి వచ్చాడు. గురువు చేతికి పానాలందిస్తూ నేర్చుకున్నాడు. ఇప్పుడు అలా వచ్చేవాళ్లు తక్కువ. ఆయన కొడుకు హైదరాబాద్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగి. రూల్సూ మారాయి. లారీ బాడీలకు ఏఐఎస్-093, ట్రైలర్లకు ఏఐఎస్-113 అంటూ ప్రమాణాలు వచ్చాయి. ఒకప్పుడు సుద్దముక్కతో నేల మీద గీసి ట్రైలర్ కట్టిన చేతులు ఇప్పుడు డ్రాయింగులూ అనుమతులూ చూసుకోవాలి. ‘‘మంచిదేనండీ’’ అన్నాడాయన, నేను అడక్కుండానే. ‘‘మాలాంటివాళ్లకు కష్టమే. కానీ రోడ్డు మీద వెళ్లేది మా మనవలు కూడా కదా!’’

ఎర్ర పైపు ఊడగానే...

పని మూడు రోజులు పట్టింది. మూడో రోజు సాయంత్రం మళ్లీ వెళ్లాను. ట్రైలర్ కొత్త పెళ్లికొడుకులా ఉంటుందనుకున్నాను. పైన అదే తుప్పు, అదే వెలిసిన రంగు. డబ్బులు పైదాకా రాలేదు!

కింద మాత్రం అంతా కొత్తదే. ఖాళీ ట్రైలర్‌తో బందరు రోడ్డు మీద కంకిపాడు దాకా వెళ్లి వచ్చారు. తిరిగి షెడ్డు ముందు ఆగగానే డ్రైవరు అలవాటుగా హబ్బుల వైపు నడిచాడు. అంతలో తండ్రి ‘ఉండవయ్యా’ అని తానే ముందుకెళ్లాడు. పంచె పైకి కట్టుకుని, వంగి, ఒక్కో హబ్బు మీద అరచేయి ఆనించాడు. ఓ పక్కంతా చూసి, చుట్టూ తిరిగొచ్చి రెండో పక్కా చూశాడు. ‘‘అన్నీ ఒకేలా ఉన్నాయి’’ అన్నాడు డ్రైవరుతో. ఆ నాలుగు రోజుల మౌనానికి అదే క్షమాపణ అనుకుంటా.

చివరి పరీక్ష మిగిలింది. బండిని మెల్లగా ముందుకు పోనిచ్చి ఆపారు. మేస్త్రీ రెండు బళ్ల మధ్య నిలబడి ఎర్ర పైపు కలిపిన చోట చెయ్యి వేసి మెలితిప్పాడు. బుస్సుమని గాలి! మరుక్షణం ట్రైలర్ కింద ‘ఠప్... ఠప్’మని రెండు ఇరుసుల నుంచీ చప్పుడు. ‘‘లాగు’’ అని కేకేశాడు. డ్రైవరు గేరు వేసి లాగాడు. ఇంజిన్ మూలిగింది, ముందు బండి వణికింది. ట్రైలర్ మాత్రం అంగుళం కదల్లేదు.

కుర్రాడు చప్పట్లు కొట్టాడు. తండ్రి కొట్టలేదు. ఫోను తీసి ఇంటికి చేశాడు. ‘‘ఆఁ, అయిపోయింది. రేపు పొద్దున బయల్దేరతాం. రంగు వెయ్యలేదులే... బండి ఆగుతోంది.’’

అవతల ఆవిడ ఏమందో వినపడలేదు. ఆయన మాత్రం ఫోను జేబులో పెట్టుకుంటూ చాలాసేపు నవ్వుతూనే ఉన్నాడు.

తిరుగు ప్రయాణంలో బెంజి సర్కిల్ ఫ్లైఓవర్ కింద ఆటోలో ఆగి ఉండగా పక్కనే ఓ ట్రైలర్ వచ్చి నిలబడింది. మామూలుగా అయితే దాని మీద ఏముందో చూసేదాన్ని. ఈసారి వంగి కిందకు చూశాను.

ట్రైలర్ ఉన్నవాళ్లకు, ఎదురయ్యేవాళ్లకు...

• కొత్త కమాన్లు వేశాక మొదటిసారి బరువుతో వెళ్లి రాగానే యూ బోల్టులు మళ్లీ బిగించాలి. వదులైతే పట్టీ సెంటర్ బోల్టు దగ్గరే విరుగుతుంది.

• ఎప్పుడు ఆగినా హబ్బులు చూడాలి. ముందు కాస్త దూరంగా చెయ్యి పెట్టి వేడి చూసి, ఆ తర్వాతే తాకాలి. ఒక్కటే వేడిగా ఉంటే బేరింగో బ్రేకో పట్టేస్తోందని అర్థం.

• దారిలో ఏ బ్రేకు పైపుకైనా డమ్మీ కొట్టాల్సి వస్తే బండి బరువు దించేసి, మెల్లగా దగ్గరి షెడ్డుకే వెళ్లాలి. ఇంటికి కాదు.

• స్ప్రింగ్ బ్రేకు చాంబర్‌ను తెలియనివాళ్లు విప్పకూడదు. లోపల అదిమి ఉన్న స్ప్రింగు ఊడి తగిలితే ప్రాణమే పోవచ్చు.

• కారులో, బైకు మీద వెళ్లేవాళ్లు ఘాట్‌లో దిగుతున్న భారీ వాహనం ముందుకు దూరి హఠాత్తుగా బ్రేకు వేయకూడదు. మనం ఆగినంత త్వరగా అది ఆగలేదు. చక్రాల దగ్గర పొగ, కాలిన వాసన వస్తుంటే దూరంగా ఉండి, వీలైతే డ్రైవరుకు సైగ చేయండి.